గుండిగ మూత మీద మా బావమరిది

మొదటి రోజు

దస్తావేజు రాసేవాడు ముందు చిత్తు రాసుకుంటాడు, తర్వాత సాఫు చేస్తాడు. ఈ నోటుబుక్కు చిత్తు. సాఫు వేరే ఉంది. అది నీడ అనే బీమా కంపెనీ వారిచ్చిన పలక. బృందంలో ఒకరు రోజూ ఆ పలక మీద జరిగింది జరిగినట్టు రాయాలని పాలసీ షరతు. పలకంటే తుడిచి మళ్ళీ రాసుకునేదని మా తాత చెప్పేవాడు. ఇది తుడవని పలక. ఒకసారి రాస్తే బ్రహ్మ రాతే.

రాసే పని నాకు అంటగట్టడంలో వింతేమీ లేదు. పేరు చెన్నకేశవులు, వయసు అరవై ఒకటి, కాపురం రెంటచింతల. గురజాల రిజిస్ట్రారు ఆఫీసు వసారాలో నలభై ఏళ్ళు దస్తావేజులు రాశాను. నేను రాసిన కాగితంలో చీమ దూరే సందు కూడా ఉండదని పేరు. నలభై రెండు పేజీల బీమా పత్రాన్ని మా వీధి బృందంలో పూర్తిగా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే, అదీ మూడుసార్లు. మిగతావాళ్ళు సంతకం ఎక్కడ పెట్టాలో అడిగి పెట్టేశారు.

మా వైపు మనిషికి బతుకులో ఒక్కసారి తొమ్మిది రోజుల చలి సెలవు ఇస్తారు. పొద్దున ఎనిమిదికి సైరన్ మోగితే ఎండ భయానికి తలుపులు మూసుకుని, సాయంత్రం ఆరింటికి తెరుచుకునే ఊరు మాది. మధ్యలో బయట మనిషి కనిపిస్తే అంబులెన్స్ పిలుస్తారు. అలాంటి చోటి నుంచి పన్నెండు మందిమి ఈ మంచుగట్టు మీదికి వచ్చి, స్వెట్టర్ల మీద స్వెట్టర్లు వేసుకుని, ఒకరినొకరు గుర్తుపట్టలేక నవ్వుకుంటున్నాం.

గట్టు కింద ద్వారం దగ్గర ఒక్కొక్కరి చేతికి కంకణం కట్టారు. అది పచ్చగా వెలిగితే కవరు ఉన్నట్టు, ఎర్రబడితే లేనట్టు. పచ్చ కంకణం ఉన్నవాడికి దెబ్బ తగిలితే గద్ద వచ్చి దిగుతుంది. గద్దంటే ఎగిరే మంచం. అరగంటలో కింద ఆసుపత్రిలో దించుతుంది. ఎర్ర కంకణం ఉన్నవాడు ఏడ్చి మొత్తుకున్నా గద్ద రాదు. ద్వారం కూడా అంతే, తొమ్మిదో రోజున అందరినీ తీగ మీద కిందికి దించే పెట్టె వచ్చేదాకా ఎర్ర కంకణానికి తెరుచుకోదు.

సాఫులో రాయని సంగతి ఒకటుంది, చిత్తులో రాసుకుంటాను. మా పన్నెండో మనిషి సైదులు. నలభై ఆరేళ్ళవాడు. మా వీధిలో ఏ పెళ్ళయినా, పెద్దకర్మయినా పొయ్యి దగ్గర పద్నాలుగ్గంటలు నిలబడి వండేది వాడే. మంచుగట్టు మీద తిండి ట్యూబుల్లో వస్తుందని, పిండితే జిగురులా దిగుతుందని తెలిశాక, వంటవాడు లేకుండా మేము రామని ఆడవాళ్ళు తేల్చి చెప్పారు. మూడు గుండిగలు, మూడు మూతలు, గోంగూర జాడీ, సైదులు, అన్నీ బయల్దేరాయి.

అయితే పనికి వచ్చినవాడికి సెలవు కవరు వర్తించదని పదిహేడో పేజీలో ఉంది. కుటుంబ సభ్యులకే వర్తిస్తుంది. అందుకని బంధుత్వం అన్న గడిలో 'బావమరిది' అని రాశాను. ఒక్క మాట. నలభై ఏళ్ళలో తెలిసి తెలిసి నేను రాసిన తప్పు మాట అదొక్కటే. మా ఆవిడ నాంచారమ్మ పడీపడీ నవ్వింది.

"పోనీలేవయ్యా, నాకు తమ్ముడు లేని లోటు తీర్చావు" అంది.

దారి పొడుగునా సైదులుకు పాఠం చెప్పాను. "ద్వారం కాడ నన్ను బావా అనాల. తెలిసిందా?"

"తెలిసిందయ్యా."

"అయ్యా కాదురా, బావ!"

"అట్టాగేనయ్యా."

ద్వారం దగ్గర వాడు నోరు తెరిచేసరికి నాకు గట్టిగా దగ్గొచ్చింది. గట్టెక్కాం.

మూడో రోజు

మంచు గురించి ఒక ముక్క రాయాలి కదా. అడుగు వేస్తే అప్పడాల మీద నడిచినట్టు కరకరమంటుంది. ఈ మంచు మిగిలిందంటే దుప్పట్లు కప్పి దాస్తున్నారు కాబట్టి. పొద్దెక్కగానే వాలు మీద తెల్ల దుప్పట్లు వాటంతటవే పరుచుకుంటాయి. వాటిని పట్టి ఉంచే ఇనప గుంజలు వాలు అంచున వరసగా ఉన్నాయి. దుప్పట్లు పరుచుకునేలోపు రెండు గంటలు మేము జారవచ్చు.

జారుడు బల్లలు పదకొండు అడిగి తెచ్చుకున్నాం. పిచ్చయ్య మాస్టారు డ్రిల్లు మాస్టరుగా రిటైరైన మనిషి, అరవై నాలుగేళ్ళు. నిలబడి జారతానని భీష్మించుకుని, నాలుగుసార్లు పడి, ఐదోసారి నిలబడ్డాడు. నేను బల్ల మీద కూర్చుని జారాను. చిన్నప్పుడు తాటిమట్ట మీద కూర్చుంటే అన్నయ్య లాగేవాడు, మళ్ళీ అదే సంబరం.

సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి పాలసీ చెప్పాను. మామూలు ప్రయాణ బీమా ఇక్కడ చాలదు. బస్సులో కాలు విరిగితే ఇస్తారు, మంచు మీద విరిగితే ఇవ్వరు. అందుకే మంచు ఆటల అనుబంధం విడిగా తీసుకున్నాను. అది తీసుకున్నా జెండాలు పాతిన బాట దాటితే చెల్లదు. హెల్మెట్ లేకపోతే చెల్లదు. మందు తాగితే చెల్లదు. తిన్న గంటలోపు జారితే చెల్లదు. ఉన్న బీపీ దాచినా చెల్లదు.

"ఇంతకీ చెల్లేదేంది కేశవులన్నా?" అంది ఎస్తేరు. నరసరావుపేట ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసిన మనిషి, నవ్వకుండా అడుగుతుంది.

"నేను రాసేది చెల్లుద్ది" అన్నాను.

గొప్పకు అన్న మాట కాదు. పలకలో రోజూ నాలుగు గళ్ళు నింపాలి. ఎవరు ఎప్పుడు ఏం తిన్నారు, ఏం తాగారు, ఎక్కడ పడుకున్నారు, ఏం ఆడారు. నిమిషం తేడా లేకుండా నింపుతున్నాను. పన్నెండు గంటలకు పదకొండు మంది భోజనం, ఒంటిగంటకు సైదులు భోజనం. పదకొండు మంది వెచ్చటి హాల్లో, సైదులు సామాన్ల గదిలో. సామాన్లకు కాపలా ఉండాలని వాడే అక్కడ పక్క వేసుకున్నాడు. జెండా దగ్గర పదకొండు మందిమి ఫొటో దిగాం, సైదులు తీశాడు. ఇదీ అంతే, ఉన్నది ఉన్నట్టు రాశాను.

పొద్దున జారి వస్తుంటే వాడు వంటగది గడపలో నిలబడి చూస్తున్నాడు.

"అయ్యా, బల్ల ఒకసారి ఇత్తారా?"

"పోరా, పప్పు మాడిద్ది" అన్నాను. నిజంగానే మాడు వాసన వస్తోంది. వాడు లోపలికి పరుగెత్తాడు.

ఐదో రోజు

ఇవాళ జరిగింది వరస తప్పకుండా రాస్తాను.

పొద్దున ఆరున్నరకు జారడం అయిపోయి బల్లలు లోపల పెట్టేశాం. సైదులు పెద్ద గుండిగ మూత మంచుతో తోముతున్నాడు. నాంచారమ్మ చూసి, "ఏరా సైదులూ, వచ్చి ఐదు రోజులాయె, నువ్వొక్కసారన్నా జారావంట్రా?" అంది.

"నాకు బల్ల లేదు గదమ్మా."

"చేతిలో ఉన్నదేంది మరి?"

వాడు మూత వంక చూశాడు. మేమందరం నవ్వాం. నాంచారమ్మ నా తల మీది హెల్మెట్ తీసి వాడికి పెట్టి పట్టీ బిగించింది. వాడు మూత బోర్లా వేసి, కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. పిచ్చయ్య మాస్టారు వెనక నుంచి ఒక్క తోపు తోశాడు.

ఎంత బాగా జారాడో! మూత బొంగరంలా తిరుగుతుంటే వాడు "అమ్మోయ్, అమ్మోయ్" అని చిన్నపిల్లాడిలా కేకలు పెట్టాడు. మేము చప్పట్లు కొట్టాం. అంతవరకూ సంతోషమే. అంచు దగ్గర మూత పక్కకు తిరిగి ఇనప గుంజకు కొట్టుకుంది. మూతకూ గుంజకూ మధ్య వాడి కుడికాలు ఉంది.

ఎస్తేరు పరుగెత్తింది. మడమ పైన ఎముక బయటికి వచ్చింది. కట్టు కట్టి, చెక్క పెట్టి, మంచం మీద లోపలికి తెచ్చాం. అది అయ్యాక నన్ను పక్కకు పిలిచింది.

"అన్నా, పాదంలో నాడి సన్నగా ఉంది. రేపు సాయంత్రానికి కింద ఆసుపత్రిలో పడాల. లేదంటే పాదం దక్కదు."

"గద్ద అరగంటలో వత్తది" అన్నాను. సైదులు కంకణం చూశాను. పచ్చగానూ లేదు, ఎర్రగానూ లేదు. పసుపుపచ్చగా ఉంది.

పలక మాట్లాడింది. ఇన్నాళ్ళూ దానికి నోరుందని నాకు తెలియదు. ఆడపిల్ల గొంతు, పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడుతుంది.

"మీ క్లెయిం పరిశీలనలో ఉంది. క్షతగాత్రుడు వాడిన పరికరం పాలసీలోని పరికరాల జాబితాలో లేదు."

గుండిగ మూత జాబితాలో ఎందుకు ఉంటుంది? కానీ నేను ఊరుకునే రకమా? ముప్పై ఒకటో పేజీ తీశాను. జారుడు పరికరం అంటే ఏమిటో అక్కడ నిర్వచనం ఉంది. కూర్చుని గాని నిలబడి గాని జారడానికి వీలైన, చదునైన అడుగు గల ఏ వస్తువైనా. గట్టిగా చదివి వినిపించాను. మూతకు చదునైన అడుగు ఉందని, దాని మీద మనిషి కూర్చున్నాడని, జారాడని, దానికి పదకొండు మంది సాక్షులున్నారని వాదించాను.

"వివరణ అంగీకరించబడింది. మూత జారుడు పరికరంగా నమోదైంది" అంది గొంతు.

పిచ్చయ్య మాస్టారు నా భుజం తట్టాడు. మంచం మీద నుంచి సైదులు కూడా నవ్వబోయాడు. "మా అయ్య రాస్తే తిరుగుండదు" అన్నాడు.

గద్ద కోసం కిటికీ దగ్గర నిలబడ్డాం. రాలేదు.

ఆరో రోజు, పొద్దున

హెల్మెట్ వాడిది కాదు కదా అని రెండో అభ్యంతరం. హెల్మెట్ ధరించాలని ఉందే గాని సొంతదై ఉండాలని ఎక్కడా లేదు. అదీ గెలిచాను. తిని ఎంతసేపయింది? అప్పటికి వాడు తిననే లేదు. జెండాల బాటేనా? బాటే, గుంజ బాట అంచునే ఉంది. మందు? వాడికి టీ అలవాటు కూడా లేదు. అడిగినవన్నీ గెలిచాను. నా బతుకులో ఇంత బాగా ఎన్నడూ వాదించలేదు.

పది గంటలకు గొంతు అంది: "చివరి అంశం. క్షతగాత్రుడు మీ బావమరిది అని ప్రకటించారు. బంధుత్వం ధ్రువీకరించాలి. మీ నమోదుల నుంచి చదువుతున్నాను."

చదివింది. నా అక్షరాలే.

"మొదటి రోజు. పన్నెండు గంటలకు పదకొండు మంది భోజనం. ఒంటిగంటకు సైదులు భోజనం. రాత్రి ఏడున్నరకు పదకొండు మంది, ఎనిమిదిన్నరకు సైదులు. పదకొండు మంది వెచ్చటి హాల్లో, సైదులు సామాన్ల గదిలో. రెండో రోజు. పన్నెండు గంటలకు పదకొండు మంది, ఒంటిగంటకు సైదులు. మూడో రోజు. జెండా దగ్గర పదకొండు మంది ఫొటో దిగారు. తీసినది సైదులు. పదకొండు మంది బల్లల మీద జారారు. సైదులు జారలేదు."

ఆపమన్నాను. ఆపలేదు. పూట పూటకీ చదివింది. హాల్లో అందరూ కంకణాల వంకా నేల వంకా చూస్తూ కూర్చున్నారు. సామాన్ల గదిలోంచి హాల్లోకి తెచ్చిన మంచం మీద సైదులు అన్నీ వింటున్నాడు.

"నాలుగు రోజుల్లో ఈయన కుటుంబంతో కలిసి కూర్చుని తిన్న పూట ఒకటి చెప్పండి."

నాకు వెంటనే జవాబు తట్టింది. ఏ జవాబూ తట్టకపోవడం నాకు అలవాటు లేదు. "అమ్మాయ్, మా వైపు ఆచారం నీకు తెలవదు. వడ్డించేవాళ్ళు చివర్లో తింటారు. పరాయోళ్ళు ముందు తింటారు, ఇంటోళ్ళే చివర తింటారు" అన్నాను.

"నమోదు చేసుకున్నాను. అయితే ఇంటివాళ్ళలో మరొకరు ఎవరైనా ఈయనతో కలిసి చివర తిన్నారా?"

నాంచారమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అబద్ధం ఆడదామనుకున్నాను. పలక తుడవడం కుదరదు. నేను రాసిన కాగితంలో చీమ దూరే సందు ఉండదు, ఇప్పుడు నేను దూరాలన్నా లేదు.

ఆరో రోజు, మధ్యాహ్నం

నిజం చెప్పేస్తే? వంటవాడని ఒప్పుకుంటే ఏమవుతుందని గొంతునే అడిగాను. పనికి వచ్చినవాడికి ఈ కవరు వర్తించదు, అంతేకాక తప్పుడు ప్రకటన కింద బృందం మొత్తానికి కవరు రద్దవుతుంది, అలా నమోదు చేయమంటారా అని అడిగింది. వాడికి ఒరిగేదేమీ లేదు, మిగతా పదకొండు చేతులూ ఎర్రబడతాయి. పిచ్చయ్య మాస్టారుకు గుండెలో యంత్రం ఉంది. ఇంకొకామెకు ఉబ్బసం. వద్దని నేనే చెప్పాను.

అప్పుడు గొంతు ఒక దారి చూపింది. నమోదుల వల్ల బంధుత్వం తేలలేదు గనక క్షతగాత్రుడి నోటి మాట తీసుకుంటామంది. ఒక్క మాట చాలట.

పరుగున మంచం దగ్గరికి వెళ్ళాను. సైదులుకు జ్వరం కాలిపోతోంది. పాదం రంగు మారుతోందని ఎస్తేరు కళ్ళతోనే చెప్పింది. చెవిలో చెప్పాను: "ఒరే, నేను ఏమవుతానని అడుగుద్ది. బావ అను. ఒక్కసారి అను చాలు. నీ కాలు దక్కుద్ది."

వాడు నా వంక చూశాడు. తల ఊపాడు. అర్థమైందనే అనుకున్నాను.

"ఇక్కడ ఉన్న చెన్నకేశవులు గారు మీకు ఏమవుతారు?"

సైదులు ఎండిన పెదాలు తడుపుకున్నాడు. జ్వరంలో మనిషి అబద్ధం గుర్తు పెట్టుకోలేడు కాబోలు. లేక మా వీధిలో వండుతున్న పంతొమ్మిదేళ్ళుగా నాలుక మీద ఉన్న మాట ముందు వచ్చిందో.

"మా అయ్యగారండీ" అన్నాడు. "దేవుడు లాంటి మనిషి. నాకు మంచు చూపిత్తానని తీసుకొచ్చాడు."

వాడి కంకణం ఎర్రబడింది. అబద్ధం రాశానని నేను ఒప్పుకోలేదు గనక మా పదకొండూ పచ్చగానే ఉన్నాయి.

ఏడో రోజు

ఏం చేశామో రాస్తాను, ఏదీ పనికిరాలేదని ముందే రాస్తాను.

నా కంకణం విప్పి వాడికి కడదామని చూశాను. అది నాడికి కట్టుబడి ఉంటుందట, నా చేతిలోంచి తియ్యగానే ఆరిపోయింది. మళ్ళీ పెట్టుకుంటే వెలిగింది. పిచ్చయ్య మాస్టారూ నేనూ మరో ఇద్దరూ సైదులును మంచంతో సహా ఎత్తుకుని ద్వారం దాకా మోశాం. రెండు మైళ్ళ మంచు. నాలుగుచోట్ల దించాం. ద్వారం తెరుచుకోలేదు. మేము నలుగురమే అయితే తెరుస్తుందట. మోస్తున్నది వదిలెయ్యమంది అక్కడా అదే గొంతు. ఎర్ర కంకణం కోసం కింది నుంచి ఎవరూ పైకి రారట.

"తలుపు పగలగొడదాం" అన్నాడు మాస్టారు. తలుపు మా ఊరి చెరకు లారీ అంత ఉంది. ఆయన ఒకసారి కాలితో తన్ని, కూర్చుండిపోయి, ఏడ్చాడు.

మంచంతో వెనక్కి మోసుకొచ్చాం. సైదులు దారంతా, "నన్ను దించండయ్యా, మీకు నడుం నొప్పి ఉంది గదా" అంటూనే ఉన్నాడు. వాడు మమ్మల్ని తిట్టి ఉంటే బాగుండేది.

మధ్యాహ్నం పలకకు అర్జీ రాశాను. మూడు పేజీలు. మనిషి ఎవరైనా చదువుతారేమోనని నా బతుకులో రాసిన అన్ని మంచి మాటలూ పెట్టాను. అందినట్టు జవాబు వచ్చింది. పదిహేను పనిదినాల్లో పరిశీలిస్తారట.

ఎస్తేరు కట్టు మార్చింది. "ఇంక పాదం గురించి ఆలోచించమాక అన్నా. మోకాలు కాపాడుకుందాం" అంది.

నిలబడి వండే మనిషి. పెళ్ళికి పద్నాలుగ్గంటలు నిలబడే మనిషి.

ఎనిమిదో రోజు

ఎవరూ జారడానికి వెళ్ళలేదు. దుప్పట్లు వాటంతటవే పరుచుకున్నాయి.

పొద్దున నాంచారమ్మ పొయ్యి వెలిగించింది. పప్పు, గోంగూర, అన్నం. పన్నెండు గంటలకు హాల్లో మంచం చుట్టూ అందరం కింద కూర్చున్నాం. పన్నెండు కంచాలు. ముందు సైదులుకు వడ్డించింది.

వాడు కంచం ఒళ్ళో పెట్టుకుని మా వంక చూస్తున్నాడు. తినడం లేదు.

"తినరా" అన్నాను.

"మీరు కానీండయ్యా. నేను తర్వాత తింటా."

"ఇయ్యాల నువ్వు తినందే ఎవురం తినం" అంది నాంచారమ్మ.

వాడికి ఎంత ఇబ్బందిగా ఉందో చూస్తుంటే నాకు సిగ్గేసింది. కాలు పోతున్నందుకు ఏడవనివాడి కళ్ళల్లో అప్పుడు నీళ్ళు తిరిగాయి. ఒక్క ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. పదకొండు మందిమి వాడి నోటి వంకే చూస్తున్నాం.

"ఉప్పు తగ్గిందమ్మా" అన్నాడు.

నాంచారమ్మ నవ్వబోయి, ఏడ్చి, ఉప్పు తెచ్చింది. అందరం తిన్నాం.

పలక తీసి సాఫు రాశాను. పన్నెండు గంటలకు పన్నెండు మంది భోజనం. సైదులు ముందు తిన్నాడు.

గొంతు వెంటనే పలికింది. "నమోదైంది. ప్రమాదం తర్వాతి నమోదులు బంధుత్వ నిర్ధారణకు పరిగణించబడవు."

నీకోసం రాయలేదమ్మాయ్ అన్నాను. ఎవరి కోసం రాశానో నాకూ తెలియదు.

తొమ్మిదో రోజు

పెట్టె పొద్దున తొమ్మిదికి వచ్చింది. తిరుగు ప్రయాణం అందరికీ ఉంటుంది, దానికి కంకణం రంగుతో పని లేదు. మొన్ననే రంగుతో పని లేకుండా ఎందుకు దించలేదని అడగడానికి అక్కడ మనిషి లేడు.

పెట్టెలో ముందు భాగంలో కుర్చీలు, వెనక సామాన్ల అర. సైదులును చేతుల మీద ఎక్కిస్తుంటే వాడు వెనక్కి చెయ్యి చూపించాడు. "నన్ను గుండిగల కాడ కూర్చోబెట్టండయ్యా. కాలు చాపుకోను చోటుంటది."

"నోర్మూసుకుని నా పక్కన కూర్చో" అంది నాంచారమ్మ. వాడి కాలు తన ఒళ్ళో పెట్టుకుంది. కట్టు కింద పాదం నల్లబడింది, వాసన కూడా వస్తోంది. కింద దిగగానే తీసేస్తారు. ఎస్తేరు వాడికి ముందే చెప్పింది. "కూర్చుని వండే పొయ్యి ఏదన్నా ఉంటదా అమ్మా?" అని మాత్రం అడిగాడట.

పెట్టె కదిలింది. పలక తిరిగి ఇచ్చేయాల్సిన గూడు తలుపు పక్కనే ఉంది. అందులో పెట్టబోతుంటే గొంతు ఆఖరిసారి మాట్లాడింది.

"మీ బృందం క్లెయిములు రెండు. మొదటిది, వ్యక్తి గాయం. తిరస్కరించబడింది. రెండోది, జారుడు పరికరం నష్టం. గుండిగ మూత అంచు వంగినట్టు నమోదులో ఉంది. పరికరం జాబితాలో చేరినందున మంజూరు చేయబడింది. కొత్త మూత మీ చిరునామాకు చేరుతుంది."

ఆ మూతకు కవరు సంపాదించింది నేను. ముప్పై ఒకటో పేజీ గట్టిగా చదివి, పదకొండు మంది సాక్షులున్నారని వాదించి సంపాదించాను.

పలక గూట్లో పడింది. గుండిగ మీద మూత పడినట్టు చప్పుడయింది.

కొంచెం దూరం దిగాక సైదులు కళ్ళు తెరిచాడు. కిటికీలోంచి తెల్ల దుప్పట్లు కనబడుతున్నాయి. వాటి వంక చూస్తూ, జ్వరంలోనో తెలివిలోనో, నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ కాడికి బాగానే జారాను గదా, బావా?" అన్నాడు.

"బాగా జారావురా" అన్నాను.

సాఫు పలక గూట్లో ఉంది. ఆ మాట చిత్తులోనే మిగిలింది.